మనిషికెంత పొగ?

రేయ్, దమ్ముంటే ఇది నమ్ము చూద్దాం. నమ్మకపోతే నీ ఖర్మ, జరిగింది మాత్రం జరిగింది.

కొండల్లో ఒక ఊరు. రైల్వే గేటు పక్కన గవర్రాజు, సన్నాసి అని ఇద్దరన్నదమ్ములు. "ఈ చుట్టుపక్కల బుర్రన్నది మా ఇంట్లోనే ఉంది" అని రోజూ చెప్పుకుంటారు. వాళ్ళమ్మ పైడమ్మకి ఆయాసం. ఓసారి, తెల్లారితే పొద్దున్న ఎనిమిదింటికి పక్కూళ్ళో కూతురి పాపకి బారసాల. పేరు పైడమ్మే పాప చెవిలో చెప్పాలి, అదేంటో ఇంకెవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పకపోతే పాపకి పేరే లేదు! డాక్టరేమో "పొగ తక్కువొచ్చే బండెక్కు" అన్నాడు.

ఇంకేముంది! సన్నాసి గెడకి దిండు గలీబు కట్టి, సిగ్నల్ దగ్గర ఆగిన డీజిల్ రైలింజను పొగ పట్టేశాడు. గవర్రాజు ఇంకో గలీబు ఆటో గొట్టానికి పెట్టాడు. రెండూ పట్టుకెళ్ళి కిరాణా కొట్టు కాటా మీద పెట్టారు. సమానం!

"రైలు పొగ అంత నల్లగా ఉంది కదరా, బరువు లేదేటి?"

"ఇంకా పచ్చిగా ఉందేమో అన్నయ్యా."

గేటు కాసే సూరప్పడు నవ్వి, "అలా కాదర్రా. రైల్లో వెయ్యి మంది, ఆటోలో నలుగురు. మనిషికెంత పొగ పడుతుందో భాగించాలి. రైలే నయం" అన్నాడు.

"ఓస్, అంతేనా? అయితే ఆటోలో జనాన్ని పెంచితే సరి!"

అంతే. పొద్దున్నే పైడమ్మని మధ్యలో కూర్చోబెట్టి, వీధిలో వాళ్ళని ఇరవైముగ్గుర్ని ఎక్కించారు. టాపు మీద ఆరుగురు. ఒక మేక కూడా, తలకాయ తలకాయే కదా అని! ఆటో కదిలితే ఒట్టు. డ్రైవరు విసుక్కుని ఇంజను ఆపేశాడు.

"పొగే లేదు! గెలిచాం!" అని ఇద్దరూ గెంతులు.

ఇంతలో రైలు కూత పెట్టుకుంటూ పోయింది.

"రైలెళ్ళిపోయిందిరా సచ్చినోళ్ళారా!" అంది పైడమ్మ.

"పోనీయే అమ్మా, దానికి మనమంటే కుళ్ళు."

సరే, తోద్దామన్నారు. ఎవర్నీ దింపలేదు, దింపితే లెక్క తప్పుతుందట! అసలే చలికాలం, మంచులో తోస్తుంటే ఇద్దరి నోట్లోంచీ తెల్లగా ఆవిరి.

"అన్నయ్యా, నీ నోట్లోంచి పొగ!"

"నీకూ వస్తోందిరా! మనం డీజిలెప్పుడు తాగాం?"

హడలిపోయి ఇద్దరూ ఒక చేత్తో నోరు, ఇంకో చేత్తో ముక్కు మూసుకున్నారు. ఇంకెవడు తోస్తాడు? ఆటో అక్కడే.

ఎనిమిదికి ఇంక రెండే నిమిషాలు. కూతురు ఫోను. "అమ్మా, ముహూర్తం దాటిపోతోందే! ఫోను పాప చెవి దగ్గర పెట్టా, పేరు చెప్పెయ్!"

పైడమ్మ నోరు తెరిచింది. బుస్సుమని ఆవిరి! సన్నాసి గబుక్కున ఆవిడ నోరు మూసి, ఫోను పక్కనే గొంతు చించుకున్నాడు. "పొగ! పొగ! పొగ!"

మూడుసార్లు పాప చెవిలో పడింది. ఇంకేముంది, అవతల వాళ్ళ బావ కూడా ఈ బాపతే. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో "పొగ" అని గుండ్రంగా రాసేశాడు. అందరూ అక్షింతలు! అసలు పైడమ్మ చెప్దామనుకున్న పేరేంటో తెల్సా, అదీ... ఆఁ వస్తున్నానమ్మా! రేయ్ ఉండు, మా అమ్మ పిలుస్తోంది...