రాజుగారి ఎడమ చీలమండ

నల్లగుట్ట అనే ఒకానొక రాజ్యంలో ఒక ఏడాది మిగతా రాచకార్యాలన్నీ మూలపడి, రాజుగారి ఎడమ కాలి నొప్పి ఒక్కటే రాచకార్యమై కూర్చుంది. పన్నుల సంగతి మాట్లాడబోయిన మంత్రిని ముందు కాలి సంగతి అడగమనేవారు. పొరుగు రాజ్యం రాయబారి కూడా సంధి మాట పక్కన పెట్టి చీలమండ క్షేమం కనుక్కోవాల్సి వచ్చేది.

ఆ రాజుగారి పేరు రణభైరవ నాయకుడు. భారీ మనిషి, అంతకన్నా భారీ మాట. ఎక్కడెక్కడి వైద్యులో వచ్చి చెప్పినదంతా విని విని, ఆ విద్య తనకే అబ్బిందని ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. 'పాదవైద్య సార్వభౌమ' అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్నారు. సభలో ఎవరు కాస్త కుంటినా పిలిచి, కాలు చాపించి, ఉపన్యాసం ఇచ్చి పంపేవారు. చెప్పొద్దూ, ఆయన చెప్పిన వైద్యం చాలామందికి పనిచేసింది కూడా. పనిచేయనిది ఆయన కాలికే.

ఎందుకు పనిచేయలేదో కోటలో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అంతకు ముందు ఏడు తూర్పు పొలిమేరలో యుద్ధం జరిగింది. రాజుగారి ఒక్కగానొక్క కొడుకు బాలరాయుడు అందులో పోయాడు. మీసం కూడా సరిగా రాని వయసు. అతని కాలి కడియాన్ని, వీరపెండేరాన్ని, సైనికులు గుడ్డలో చుట్టి తెచ్చి తండ్రి చేతిలో పెట్టారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. యుద్ధంలో పోయినవాడికి ఊరి బయట వీరగల్లు నిలబెడతారు. అంటే అతని బొమ్మ చెక్కిన రాయి. అతను ఒంటిమీద పెట్టుకున్న వస్తువు ఒకటి ఆ రాతి కింద పాతిపెట్టి, అయినవాళ్ళంతా ముందు కూర్చుని కరువుతీరా ఏడుస్తారు. ఆ రాయి నిలిచిన రోజునే మనిషి పోయినట్టు లెక్క. రాజకుటుంబంవారి రాయి మొదట నిలబడాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళవి.

రాజుగారు రాయి నిలబెట్టలేదు. "మా కుమారుడు పొలిమేర కాపు కాస్తున్నాడు" అని సభలో ప్రకటించి, ఆ సన్నని పెండేరాన్ని ఆముదం రాసి బలవంతంగా తన ఎడమ కాలికి ఎక్కించుకుని, పైన పట్టుగుడ్డ చుట్టేశారు. రాజ్యంలో ఏడుపు వినబడకూడదన్నారు. కుమారుడు పోయాడన్నవాడి తల తీయమన్నారు. దాంతో ఆ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్ళన్నిటికీ ఏడవడానికి రాయి లేకుండా పోయింది.

ఇక కొమ్మన సంగతి చెప్పాలి. అతను ఆస్థానంలో హాస్యకవి. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం, ఆ ఏడాది అంతకన్నా కష్టమైన ఉద్యోగం రాజ్యంలో మరొకటి లేదు. ఒక సాయంత్రం అతని గుమ్మం ముందు పల్లకీ బోయీల పెద్ద పెంటయ్య వచ్చి చతికిలబడ్డాడు.

"అయ్యగారూ, నన్ను దేశం దాటి పొమ్మన్నారు" అన్నాడు. "పల్లకీ కుదిపి దొరకి నొప్పి తెప్పించానంట. పున్నమిలోగా తగ్గకపోతే ఇంటిల్లిపాదీ పోవాలంట."

కొమ్మన అతని కాళ్ళవైపు చూశాడు. రాజుగారి ముందు బోయీలు చెప్పులు వేసుకోకూడదని కట్టడి. రాళ్ళబాటల్లో మోసి మోసి మడమలు బీటలువారి నెత్తురు ఓడుతున్నాయి. ఆ కాళ్ళ క్షేమం ఏ రాయబారీ అడిగిన పాపాన పోలేదు.

"ఎక్కడికి పోతావు పెంటయ్యా?"

"ఎక్కడైనా మొయ్యడమే గదయ్యా, పోడానికి నాకేం లేదు. మా మల్లడు చిన్నదొర పక్కనే పడిపోయాడు. ఆడి మొలతాడు గూట్లో దాచాం. ఆడికి రాయి ఏసుకోకుండా ఎట్టా పోయేది? మేం పోతే ఇక్కడ ఆణ్ణి తలుచుకునేదెవరు? మా ఆడది గుక్కపట్టి ఏడుద్దామన్నా నోట్లో గుడ్డ కుక్కుకుంటోంది."

కొమ్మన నోట ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం ఆడుతూ ఉండేది. ఆ సాయంత్రం మాత్రం చూస్తానులే అని లేచాడు.

తిన్నగా ఆస్థాన వైద్యుడు శేషభట్టు ఇంటికి వెళ్ళాడు. శేషభట్టు తలుపు వేసి వచ్చి మెల్లగా చెప్పాడు.

"దానికి పెద్ద వైద్యం అక్కర్లేదయ్యా. పెండేరం కోసుకుపోతోంది, దాని కింద కాలు పొంగింది. కాలు దిళ్ళమీద ఎత్తి పెట్టి, చల్లనీళ్ళ గుడ్డలు చుట్టి, వాపు దిగాక ఆ పెండేరం లాగేస్తే చాలు."

"ఆ ముక్క రాజుగారికి చెప్పండి మరి."

"తీయమంటే అది ఎవరిదో చెప్పాలి. ఎవరిదో చెబితే ఎందుకు తొడుక్కున్నారో చెప్పాలి. అప్పుడు నా మెడకు వైద్యం నువ్వు చేస్తావా?"

కొమ్మన ఇంటికి వచ్చి చాలాసేపు అరుగుమీదే కూర్చున్నాడు. ఉపాయం తోచింది. తోచినందుకు సంతోషం కలగలేదు. లోపలికి వెళ్ళి భార్య మాచమ్మతో, "చిన్న పెట్టె తాళంచెవి ఇస్తావా?" అన్నాడు.

మాచమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. ఆ పెట్టెలో వాళ్ళ ముత్యాలు కాలి వెండి కడియం ఉంది. పదేళ్ళ పిల్ల, రెండేళ్ళ కిందట అమ్మవారు పోసి పోయింది. ఆ రోజు మూసిన పెట్టెను ఇద్దరిలో ఎవరూ తెరవలేదు.

"దాన్ని సభకు తీసుకెళ్తారా? రాజుగారు నవ్వడానికా?"

"నవ్వుతారు. కాదనను" అన్నాడు కొమ్మన. "కానీ నవ్వు కోసం కాదు. పెంటయ్య కొడుక్కి రాయి కోసం."

మాచమ్మ తనే పెట్టె తీసింది. కడియం మొనలు విడదీసి, భర్త చీలమండ మీద పెట్టి, రెండు చేతులా నొక్కింది. ఎముక మీదికి ఎక్కేసరికి కొమ్మన పళ్ళు బిగించాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉండాలి. దొంగనొప్పి అయితే ఆయన ఇట్టే కనిపెట్టేస్తారు."

"తిరిగి తెచ్చి నా చేతిలోనే పెట్టండి" అంది మాచమ్మ.

పున్నమి ముందురోజు కొమ్మన ఎడమ కాలికి లావుపాటి కట్టుతో, కుంటుకుంటూ సభకు వచ్చాడు. అప్పటికి కాలు నిజంగానే వాచింది. ఒక మూల పెంటయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఓయి కొమ్మనా, మమ్మల్ని వెక్కిరిస్తున్నావా?" అన్నారు రాజుగారు.

"ఎంతమాట ప్రభూ. తమ కాలికి జరుగుతున్న మర్యాదలు చూసి నా కాలికి కన్నుకుట్టింది."

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు గాని, కట్టును చూడగానే ఆయన ముఖం కళకళలాడింది. "ఇటు చాపు" అన్నారు.

"చాపుతాను ప్రభూ. కాకపోతే ఇది తమవల్ల కూడా కాదని శేషభట్టుగారు అంటున్నారు."

పాపం, శేషభట్టు ఆ మాట కలలో కూడా అనలేదు. ఆయన కాదనేలోగా రాజుగారు సింహాసనం మీద ముందుకు జరిగారు. "మావల్ల కాదా?"

"అయితే పందెం ప్రభూ. నా నొప్పికి కారణం తమరు చెప్పలేకపోతే పెంటయ్యను వదిలేయాలి. చెప్పారనుకోండి, నాకు చెప్పిన వైద్యమే తమరూ చేయించుకోవాలి. ఇద్దరికీ నొప్పి ఒకచోటే. సార్వభౌముల వైద్యం సార్వభౌములకే పనికిరాదని పొరుగు రాజు అనుకోకూడదు కదా."

"ఒప్పుకున్నాం. సభే సాక్షి" అన్నారు రాజుగారు, మీసం దువ్వుతూ. "పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుందా?"

"లేదు ప్రభూ."

"ఉంటే, చెక్క పావుకోళ్ళు మాని, రోజూ పిక్కలు సాగదీయమనేవాళ్ళం. బొటనవేలి మొదట్లో ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతోందా?"

"ఆ జబ్బుకు వేటమాంసం, సారాయి పుష్కలంగా ఉండాలి ప్రభూ. మా ఇంట్లో పప్పుచారు."

మంత్రి తన పాదాన్ని మెల్లగా పంచె కిందికి లాక్కున్నాడు.

"మెట్టు తప్పి బెణికిందా? అయితే కట్టు కట్టి, కాలు ఎత్తి పెట్టుకుని, కదలకుండా ఉండాలి. వాపు తగ్గాక వావిలాకు కాచిన నీళ్ళతో కాపడం."

"తమ సభలో అడుగు తప్పినవాడు బెణుకుతో బయటపడగలడా ప్రభూ?"

"బిగుతు చెప్పులు వేశావా? రోజంతా నిలబడ్డావా? అరికాళ్ళు మంటలా?"

"చెప్పులు వదులే. రోజంతా నిలబడేది పెంటయ్య. మంటలున్నాయి గాని, అరికాళ్ళలో కాదు."

రాజుగారికి ఓపిక నశించింది. కట్టు విప్పమన్నారు. శేషభట్టు విప్పాడు. ఉబ్బిన కాలిలోకి దిగబడిపోయి చిన్న వెండి కడియం మెరిసింది.

ఏడాదిగా నవ్వని రాజుగారు సభ అదిరేలా నవ్వారు. "ఓరి వెర్రివాడా, చిన్నపిల్ల కడియం తొడుక్కుని నొప్పి అంటావా? దీనికి సార్వభౌములు కావాలా? తీసి అవతల పెట్టు, నొప్పి అదే పోతుంది. కారణం చెప్పాం, వైద్యం చెప్పాం. పందెం గెలిచాం."

సభలో ఇంకెవరూ నవ్వలేదు. రాజుగారి నవ్వొక్కటే కాసేపు తిరిగి ఆగిపోయింది.

"తీయలేను ప్రభూ" అన్నాడు కొమ్మన.

"ఏం, ఇరుక్కుందా?"

"అందుకు కాదు. మా ముత్యాలు పక్కవీధిలో ఆడుకుంటోందని చెప్పుకుంటున్నాను. ఇది తీస్తే అది ఇక ఇంటికి రాదని ఒప్పుకున్నట్టవుతుంది."

రాజుగారు అతని ముఖంలోకి చూశారు. "నీకో కూతురుందని మాకు తెలియదే."

"ఉండేది ప్రభూ. అది పోయిన మర్నాడే తమ పుట్టినరోజు. నవ్వించమన్నారు."

"జ్ఞాపకం ఉంది. ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వాం."

"అవును ప్రభూ. చాలా బాగా నవ్వారు."

ఈ మాట కొమ్మన ముందు అనుకున్నది కాదు. అనుకున్న మాటలన్నీ అయిపోయాక దానంతటది వచ్చేసింది. రెండేళ్ళు సభలో అతను మోసిన నవ్వుముఖం ఆ ఒక్క మాటతో జారిపోయింది. రాజు ముందు అలా నిలబడకూడదని తెలిసినా దాన్ని మళ్ళీ తగిలించుకోలేకపోయాడు.

రాజుగారు వంగి, తన కాలి పట్టుగుడ్డ తనే విప్పుకోవడం మొదలుపెట్టారు.

"వాడు పోయాడు కొమ్మనా" అన్నారు. పట్టుగుడ్డ పక్కన పెట్టి, "ఈ మాట అన్నవాడి తల తీయమని మా ఆజ్ఞ ఒకటుంది" అన్నారు.

"ఒక్కో నొప్పీ ఒక్కోసారి చూసుకుందాం ప్రభూ. ముందు కాలు."

శేషభట్టు దిళ్ళు తెప్పించాడు. రాజుగారి కాలు వాటిమీద పెట్టి చల్లనీళ్ళ గుడ్డలు చుట్టాడు. పక్కనే ఇంకో దిండుమీద కొమ్మన కాలు. మధ్యాహ్నానికి వాపు దిగింది. కొమ్మన కడియం తీశాక, రాజుగారి కాలికి ఆముదం రాసి పెండేరాన్ని మెల్లమెల్లగా జార్చారు. అది మడమ దాటి చేతిలోకి వచ్చేసరికి అంతటి మనిషీ చంటిపిల్లాడిలా గొల్లుమన్నారు.

"నొప్పి" అన్నారు, అందరూ చూస్తున్నారని సిగ్గుపడి.

"అవును ప్రభూ. ఈ నొప్పికి ఏడవచ్చు" అన్నాడు కొమ్మన.

మూల నిలబడ్డ పెంటయ్య తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడుపును భటులెవరూ ఆపలేదు.

కార్తీకం రాకముందే ఊరి బయట బాలరాయుడి రాయి నిలిచింది. దాని కింద పెండేరాన్ని పాతిపెట్టారు. ఆ పొద్దే దాని పక్కన పెంటయ్య కొడుకు మల్లడి రాయి, దాని కింద మొలతాడు. ఆ తర్వాత వరసగా ఎన్నో రాళ్ళు. పెంటయ్య భార్య ఆ రోజు గుక్కపట్టి ఏడ్చింది, రాణిగారు ఆమె పక్కనే కూర్చున్నారు.

అంతకు ముందు, పెండేరం ఊడిన రోజునే సభ చాలించబోతూ రాజుగారు కొమ్మనను పిలిచి, "పందెం మేము గెలిచాం. అయినా ఓడినట్టే ఉంది. నీ ఎడమ కాలికి బంగారు గండపెండేరం తొడిగి సత్కరిస్తాం" అన్నారు.

కొమ్మన రెండడుగులు వెనక్కి వేశాడు. "దయచేసి వద్దు ప్రభూ. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. మళ్ళీ దానికి ఏమీ తగిలించకండి."

రాజుగారు నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. గండపెండేరానికి బదులు మెత్తటి తోలుచెప్పులు ఇప్పించారు. కొమ్మన వాటిని అందుకుని పెంటయ్య కాళ్ళవైపు చూస్తూ నిలబడితే, ఏమీ అడగకుండానే సంగతి గ్రహించి, బోయీలందరికీ చెప్పులు కుట్టించమని, ఇక తన ఎదుట వేసుకునే తిరగమని ఆజ్ఞ ఇచ్చారు.

ఆ సాయంత్రం కొమ్మన ఇంటికి వచ్చి కడియం మాచమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పెట్టెలో పెట్టలేదు, దీపం గూట్లో పెట్టింది. తర్వాత గోరువెచ్చటి ఆముదం తెచ్చి అతని కాలు ఒళ్ళో పెట్టుకుంది. చీలమండ చుట్టూ కడియం నొక్కిన గుర్తు ఇంకా ఎర్రగా ఉంది.

"ఇంకా నొప్పిగా ఉందా?" అంది, దానిమీద వేలితో రాస్తూ.

"లేదు" అన్నాడు కొమ్మన. ఆ మాట అనగానే అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. రాజ్యాన్నంతా నవ్వించిన ఆ మనిషి కూతురు పోయాక అప్పుడే మొదటిసారి ఏడ్చాడు. మాచమ్మ ఊరుకోమనలేదు. అతను ఏడ్చినంతసేపూ కాలికి ఆముదం రాస్తూనే ఉంది.