లోవకుమారి వెన్నునీరు

పీజీ రెండో ఏడాదికొచ్చేసరికి కొందరు డాక్టర్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. రోగిని చూడకుండానే రిపోర్టు చూసి అంతా తెలిసిపోయిందనుకుంటారు. శశిధర్‌కి అది కాస్త గట్టిగానే పట్టుకుంది.

అతని పరిశోధన వెన్నునీటి మీద. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే నీరు అది. మామూలుగా కొబ్బరినీళ్ళకంటే తేటగా ఉంటుంది. బాక్టీరియా చేరి మెదడు పొరలు వాచిపోయే మెనింజైటిస్‌లో, ఆ నీటిలో కార్టిసాల్ ఎంత పెరుగుతుందో అతను కొలుస్తున్నాడు. ఒంటికి పెద్ద ఆపద వచ్చినప్పుడు ఎక్కువగా ఊరే హార్మోను అది. జబ్బు ముదిరినకొద్దీ అంకె పెరుగుతుంది.

లోవకుమారి అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి వెన్నునీరు బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చింది. మర్నాటికి దాని అంకె కూడా వచ్చింది. శశిధర్ ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్ హైమావతి గారి గదికి దాదాపు పరుగెత్తాడు.

"మేడం, ఆ అమ్మాయిని పైన ఐసీయూకి పంపిస్తున్నారట. లాభం లేదు మేడం. ఉన్నది ఒక్క మంచం. ఇంకెవరికైనా ఉంచుదాం."

"లాభం లేదని ఎవరు చెప్పారు?"

"కార్టిసాల్ చెప్పింది. నేను కొలిచినవాటిలో ఇంత అంకె ఎప్పుడూ రాలేదు." ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కొంచెం సంబరం కూడా ఉంది, పాపం.

ఆవిడ కాగితం చూసి, మడిచి, అతనికే ఇచ్చేశారు. "పద, పైకి వెళ్దాం."

లిఫ్ట్ ఆ ఆసుపత్రికి అలంకారం మాత్రమే. ర్యాంప్ మీద లోవకుమారి స్ట్రెచర్‌ని వాళ్ళ నాన్న నూకరాజు తోస్తున్నాడు. సముద్రంలో వలలు లాగే మనిషి, అయినా చెమటలు కారిపోతున్నాయి. పక్కన నర్సు సెలైన్ సీసా ఎత్తిపట్టుకుని నడుస్తోంది. అమ్మాయికి నిన్నటినుంచీ స్పృహ లేదు.

మలుపు దగ్గర హైమావతి గారు చక్రానికి కాలు అడ్డం పెట్టారు.

"శశిధర్, నాడి చూడు."

అతను అమ్మాయి చెయ్యి అందుకోబోయాడు.

"ఆమెది కాదు. వాళ్ళ నాన్నది."

నూకరాజు బిత్తరపోయాడు. "నాకేటయిందమ్మా? నేను బాగానే ఉన్నాను. బేగి పోనీండి."

శశిధర్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "చాలా ఎక్కువగా ఉంది మేడం. గుండె పరిగెడుతోంది."

"అయితే ఈయన పని అయిపోయినట్టేనా?" అన్నారావిడ, నవ్వకుండా.

"అదేంటి మేడం! బరువు తోసుకుంటూ ఎత్తు ఎక్కుతున్నాడు. అందుకే కదా అంత..."

అతను అమ్మాయి వైపు తిరిగాడు. కనురెప్ప కూడా కదలడం లేదు. పిలిస్తే పలకదు, గిల్లితే తెలియదు. ఏమీ జరగనట్టున్న ఆ ఒంట్లో, ఎవరూ చెప్పకుండానే, నిన్నటినుంచీ ఎంత పని జరుగుతోందో! కాగితం మీది అంకె ఆ పనిదే. ఎన్నో సీసాల్లో తను కొలిచిన ఆ కార్టిసాల్ ముందు శశిధర్‌కి ఇప్పుడు చేతులు జోడించాలనిపించింది.

"ఎక్కగలదో లేదో నాకూ తెలీదు," అన్నారు హైమావతి గారు, అతనికి మాత్రమే వినిపించేలా. "కొండ పెద్దదే. కానీ దిగిపోయేవాళ్ళకి ఇంత ఆయాసం ఉండదు."

ఆవిడ కాలు తీసేసి, స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని తోయడం మొదలుపెట్టారు. శశిధర్ కాగితం జేబులో కుక్కుకుని రెండోవైపు చేరాడు.

"మీకెందుకు బాబూ, నేను తోసుకుంటాను కదా," అన్నాడు నూకరాజు.

ర్యాంప్ పొడుగునా శశిధర్ అమ్మాయి ముఖాన్నే చూస్తూ తోశాడు, అందరికంటే ముందు ఎక్కుతున్న మనిషిని చూస్తున్నట్టు.