వెనక సీటు ఎల్లమ్మ

ఉత్తరాన మంచుకొండల వెనుక, రెండు కనుమల నడుమ, చెట్టు గాని చేను గాని లేని మైదానం మీదుగా ఒక కంకర రోడ్డు పోతుంది. ఆ రోడ్డు పక్కన, గొంగడి కప్పుకున్న మోకాలెత్తు రాయిగా వెలసిన తల్లే వెనక సీటు ఎల్లమ్మ. ఇక్కడ గోపురం లేదు, హుండీ లేదు, పూజారి అసలే లేడు. మోటారుసైకిలు మీద ఒంటరిగా వచ్చే భక్తుడు ముందున్న వాగు దగ్గరే ఆగి, వెనక ఫుట్‌రెస్టులు తెరిచి, అద్దాలు రెండూ లోపలికి తిప్పుకొని బయలుదేరతాడు. ఎందుకని అడిగేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే కృతయుగం కాదు, ఈ రోడ్డు పడుతున్న కాలంలో, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లు వేసుకొని కంకర పరిచేవారు. వారి మేస్త్రీ కుర్మయ్య. అతని భార్య మణెమ్మకు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి. తొలిచూలు. క్యాంపులో పురుడు పోయడం తెలిసిన మనిషి లేదు. కుర్మయ్య మోటారుసైకిలు తీసి దిగువ ఊరి నర్సు కోసం పరుగుపెట్టాడు. ఆమె ఇంకో లోయకు వెళ్ళిందట. తలుపుకున్న తాళం చూసి అతడు బండి వెనక్కి తిప్పాడు.

తిరుగుదారిలో కంకర మీద వెనక చక్రం నిలవక అటూ ఇటూ జారుతోంది. వాగు దాటగానే ఒక ముసలవ్వ చెయ్యెత్తింది.

“కొడుకా, నీ పెండ్లానికి నొప్పులొస్తున్నయ్ గద, నన్ను ఎక్కించుకో. నేను దిగేదాక ఎనకకు జూడకు” అన్నది.

ఆ దేశంలో పాలమూరు మాట ఎక్కడిదని గాని, తన కష్టం ఆమెకెలా తెలిసిందని గాని కుర్మయ్యకు తోచలేదు. ఆపదలో ఉన్నవాడు ఆరాలు తీస్తాడా? చూడనని మాటిచ్చి, భుజాన ఉన్న ఎర్రంచు గొంగడి ఆమెకు కప్పి ఎక్కించుకున్నాడు.

బండి కుదుటపడింది. ఇంజను చప్పుడు ఎక్కడో పక్క ఊళ్ళో పిండిమర ఆడుతున్నట్టు వినిపించింది. ఎండ పడి దుమ్మంతా పసుపు రంగు తిరిగింది. కొండలు కదులుతున్నాయో తాను కదులుతున్నాడో తెలియలేదు. ఆకలి లేదు, చలి లేదు, భయం కూడా మెల్లగా నిద్రపోయింది. అలా ఎంతసేపు పోయాడో తరువాత ఎవరికీ చెప్పలేకపోయాడు.

ఒకచోట గుంత తగిలి బండి ఎగిరిపడింది. వెనక అలికిడి లేదు.

“అవ్వా, కూసున్నవా?”

ముసలి ప్రాణం, పడిపోయిందేమో! ఇచ్చిన మాట కోసం కుర్మయ్య మెడ తిప్పకుండా బిగబట్టుకున్నాడు. కాని బండి నడిపేవాడి కళ్ళు కదా, అలవాటు కొద్దీ అద్దంలోకి పోయాయి.

అద్దంలో అవ్వ లేదు. బండి ఆపి దిగితే, పొద్దున లేని రాయి ఒకటి రోడ్డు పక్కన నిలబడి ఉంది. గొంగడి జాడ లేదు. చేజేతులా మణెమ్మను పోగొట్టుకున్నానని అతడు ఆ కంకరలో కూలబడి ఏడ్చాడు.

అప్పుడు రాతిలోంచి మాట వచ్చింది. “నమ్మక జూస్తివా, పడిపోతినని జూస్తివా?”

“పడిపోయినవేమో అని బుగులైందవ్వా!”

“గట్లయితే తప్పులేదు. నేనిగ ఈడనే ఉంట. ఈ తొవ్వల ఒంటిగ పోయెటోల్ల ఎనక కూసుంట. నువ్వు పో.”

“మరి నా మణెమ్మ?”

కుర్మయ్య కళ్ళు తుడుచుకొని బండెక్కాడు.

అతడు క్యాంపు చేరేసరికి కూలీలంతా షెడ్డు ముందు నవ్వుతూ నిలబడ్డారు. లోపల మణెమ్మ ఒడిలో ఆడపిల్ల. ఆ పిల్లకు చుట్టి ఉన్నది ఎర్రంచు గొంగడి.

“ఎవరో అవ్వ వచ్చి పురుడు పోసింది. నెత్తినిండ దుమ్మే. ‘నీ పెనిమిటి నా కోసం ఆగి ఏడుస్తున్నడు, జర ఆలస్యంగ వస్తడు’ అన్నది” అని మణెమ్మ చెప్పింది.

ఆ అవ్వ తమ ఎల్లమ్మేనని నాటి నుంచి పాలమూరు వారు ఏటా ఎర్రంచు గొంగడి తెచ్చి తల్లికి కప్పుతున్నారు. పాత గొంగడిని ముక్కలు చేసి, నెలలు నిండిన ఆడవారికి ప్రసాదంగా పంపుతారు. ఫుట్‌రెస్టులు తెరిచి వచ్చినవారి బండి ఈ కంకర మీద జారదని, ఎంత దూరమైనా ఒంటరితనం తెలియదని భక్తుల అనుభవం. అవతలి కనుమ చేరాక “దిగు తల్లీ” అని చెప్పి వాటిని మూయాలి. కొందరు ఆ మాట మరిచి తల్లిని ఇంటిదాకా తెచ్చుకుంటారు. అది దోషమని ఇంతవరకు ఎవరూ అనలేదు.