ఆఖరి మట్టిపెళ్ల

కెజియా నాటిన మడ మొక్కలు రెండోసారి కూడా చచ్చిపోయాయి.

ఒకటీ రెండూ కాదు, నాలుగెకరాల నిండా. తాడు పట్టి, వరుస తప్పకుండా నాటినవి. మొక్కకో వెదురుపుల్ల, పుల్లకో నంబరు. ఇప్పుడు పుల్లలు నిటారుగానే ఉన్నాయి. వాటిని ఆనుకుని నిలబడాల్సిన మొక్కలే కాల్చిన అగ్గిపుల్లల్లా నల్లబడి వేలాడుతున్నాయి. మొదటిసారి పోయినప్పుడు ఆమె ఎండల్ని తిట్టుకుంది. ఈసారి తిట్టుకోడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు.

కొవ్వూరులో ఆమె తండ్రి ఇమ్మానుయేలు మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మాటంటే మాటే ఆయనకి. అడవుల చదువు చదివిన కూతురు, గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవుల్ని మళ్లీ పెంచే చిన్న సంస్థలో చేరతానంటే ఆయన వద్దనలేదు. "రెండు వానాకాలాలు చూడమ్మా. మొక్కలు బతికితే అక్కడే ఉండు, నేను మళ్లీ ఆ మాటెత్తను. బతక్కపోతే వచ్చేసి బ్యాంకు పరీక్షలకి కూర్చో" అన్నారు. కెజియా సరేనంది.

రెండో వానాకాలం వెళ్లిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు ఫోన్ చేసి, శుక్రవారం వచ్చి తీసుకెళ్తానన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది.

సోమవారం పొద్దున్న కెజియా పోలయ్య తాత పక్కన, తను మొక్కలు నాటిన చెరువు గట్టు మీద కూలబడింది. చెరువులో వాన నీళ్లు అప్పటికే ఇంకిపోయాయి.

పోలయ్య చేపలు పట్టే ఇంట పుట్టి, ముప్పై ఏళ్లు మడ అడవికి కాపలా కాసిన మనిషి. డెబ్బై దాటినా పడవ గెడ వదల్లేదు. కెజియా చేరిన రోజునే సంస్థ పెద్దాయన చెప్పాడు, "పుస్తకాలు ఎన్నైనా చదువుకో, బురదలో దిగాక మాత్రం పోలయ్య చెప్పినట్టు చెయ్యి" అని. ఆమె వెళ్లి చేతులు జోడించి, పని నేర్పమని అడిగింది. ఆయన ఆమెని పడవలో కూర్చోబెట్టుకుని నెల్రోజులు కాలవలన్నీ తిప్పాడు. ఏం చెయ్యాలంటే, "నీళ్లు సూత్తా ఉండండమ్మాయిగోరూ" అనేవాడు.

గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్ల. నెల్రోజులు ఊరికే నీళ్లు చూడమంటే ఎంత చూస్తుంది? గ్రాఫు కాయితం తీసి గళ్లు గీసేసింది. సంస్థకి అప్పగించిన పాత రొయ్యల చెరువొకటి బోడిగా పడి ఉంది. చుట్టూ గట్టు, లోపల వాన నీళ్లు. నీళ్లున్నాయి కదా అని అందులో దిగి నాటడం మొదలుపెట్టింది. పోలయ్య మారుమాటాడకుండా మొక్కలు మోశాడు. ఎండలకి నీళ్లు ఇంకి నేల తెల్లగా ఉప్పు పూస్తే, ఆమె ఊళ్లోంచి కావిళ్లతో మంచినీళ్లు తెప్పించింది. అవీ మోశాడు. మడ చెట్టుకి మంచినీళ్లు పోసే అమ్మాయిని చూడ్డానికి ఊళ్లో ఆడవాళ్లు పనిగట్టుకుని వచ్చి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లారు.

"తాతగారూ, ఈ పని నాకు చేతకాదేమో" అంది కెజియా. "నాలుగు వేల మొక్కల్ని చంపాను. ఇంకొకళ్లయితే బతికించేవాళ్లు."

పోలయ్య సద్దిగిన్నె మూత తీశాడు.

"శుక్రవారం మా నాన్నగారు వస్తున్నారు."

"తవరేటన్నా తిన్నారాండీ?"

ఆమె తలడ్డంగా ఊపింది. ఆయన తన అన్నంలో సగం మూతలో పెట్టి ఆమెకిచ్చాడు. చేపల పులుసు. ఆమె మెతుకులు కెలుకుతూ కూర్చుంది. ఆయన మాత్రం లోకంలో ఇంకే పనీ లేనట్టు తిన్నాడు. ఒక్క పక్కటెముకా విరక్కుండా నడిమి ముల్లు బయటికి లాగాడు. కాలవలో చెయ్యి ముంచి దాన్ని కడిగాడు. తువ్వాలుకి అద్దాడు.

"ఆ గళ్ల కాయితం ఓపాలి ఇత్తారాండీ?"

ఇచ్చింది. ఆయన కాయితాన్ని ఒళ్లో పరిచి, ఆమె గీసిన గళ్ల మీద ముల్లు పెట్టాడు. తల వైపు గట్టు అవతలి ఉప్పుకాలవకి, తోక వైపు చెరువు నడిమికి.

"ఇదేంటి?"

"సేప ముల్లండి."

కెజియాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాయితం తన ముందుకి లాక్కుని చూసింది. చూడగా చూడగా నవ్వు ఆగిపోయింది. నడిమి ఎముక గట్టుని దాటుకుని లోపలికి పోతోంది. దాన్నుంచి అటూ ఇటూ సన్నటి ఎముకలు, చెరువు మూలమూలకీ.

"కాలవలా?"

"ఆయ్."

"కానీ వానాకాలం అంతా ఇందులో మోకాలి లోతు నీళ్లున్నాయి కదా!"

"ఉన్నాయండి. ఉండిపోనాయి. మడకి ఉండిపోయే నీళ్లు పనికిరావండి. పోటుకి రావాల, పాటుకి ఎల్లిపోవాల."

ఆమె మొహం ఎర్రబడింది. "మరి ముందే ఎందుకు చెప్పలేదు తాతగారూ?"

"సెప్పేనండి" అన్నాడాయన మెల్లిగా. "తవరు రాసుకున్నారు కూడాను."

కెజియా సంచిలోంచి నోటుబుక్కు తీసి మొదటి నెల పేజీలు తిప్పింది. ఉంది. గుండ్రటి అక్షరాల్లో, కింద రెండు గీతలతో: 'నీళ్లు వచ్చి పోయే చోటే మడకి ఇల్లు — పోలయ్య తాతగారు.' పక్కన చిన్న నక్షత్రం బొమ్మ, 'ఎంత మంచి మాట!' అని. ఆ తర్వాత పేజీ నుంచే గళ్లు మొదలయ్యాయి.

ఆమె చాలాసేపు ఆ నక్షత్రం వైపే చూసింది. తర్వాత పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

"శుక్రవారం లోపల అవుతుందా?"

"పున్నమి పోటు సుక్రోరమేనండి" అని పోలయ్య పార ఆమె చేతికిచ్చాడు.

తవ్వారు. ఆమె మొదట అలవాటు ప్రకారం తాడు కట్టింది. ఆయన తాడు విప్పి చుట్టచుట్టి పక్కన పెట్టాడు. చెంబుతో నీళ్లు తెచ్చి నేల మీద పోసి, అవి ఎటు పాకితే అటు వేలు చూపించాడు. కాలవ పాములా మెలికలు తిరిగింది. ఆయన ఒక పార తీసేలోపు ఆమె రెండు తీసేది, గంటకల్లా చతికిలబడేది. ఆయన పార మాత్రం పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే నడక నడిచేది. మూడోరోజుకి ఆమె కూడా ఆ నడక పట్టుకుంది. అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయాయి. ఎలాగూ వెళ్లిపోయేదే. అయినా మధ్యలో వదిలి వెళ్లాలనిపించలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి కాలవలన్నీ తయారయ్యాయి. ఉప్పుకాలవ పక్కన గట్టులో మూరెడు మట్టి మాత్రం మిగిలింది. అవతల పోటు ఎక్కుతోంది. నీళ్లు గట్టుని నాకుతున్న చప్పుడు ఇవతలికి వినిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆటో ఆగింది.

ఇమ్మానుయేలు మాస్టారు ముందు కెజియా గదికి వెళ్లి, ఆమె పొద్దున్నే సర్దిపెట్టిన పెట్టె ఆటోలో పెట్టించుకునే వచ్చారు. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. గట్టు మీద నిలబడి, కాలవలో తొడల్దాకా బురదైన మనిషిని కూతురని పోల్చుకోడానికి ఆయనకి కాస్త టైం పట్టింది. తర్వాత చెరువు వైపు చూశారు. పుల్లలు, పుల్లల మీద నంబర్లు.

"ఇవేనామ్మా?"

"ఇవే నాన్నా."

ఆయన వాచీ చూసుకున్నారు. "కాళ్లు కడుక్కో. మూడు గంటల బండికి వెళ్దాం."

కెజియా గట్టెక్కి పోలయ్య వైపు పార చాపింది. "మీరు తెరిచెయ్యండి తాతగారూ."

పోలయ్య రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మూలిగాడు. "పట్టేసిందండి" అన్నాడు. పొద్దున్న ఆరింటినుంచి వంచిన నడుం ఎత్తకుండా తవ్విన మనిషి! కెజియా నోరు తెరిచేలోపే ఆయన మాస్టారి వైపు తిరిగాడు.

"మేస్టారుగోరూ, ఆ ఒక్క పెళ్లా తవరు తీసెడతారాండీ? పోటు మన కోసం ఆగదు."

మాస్టారు కూతురు చాపిన పార చూశారు. పార పట్టుకున్న చేతులు చూశారు. ఆ తర్వాత వంగి బూట్లు విప్పి, మేజోళ్లు మడిచి వాటిలో పెట్టి, ప్యాంటు మోకాళ్ల పైకి చుట్టుకున్నారు.

"మీకెందుకు నాన్నా..."

"ఇలా ఇవ్వు" అన్నారాయన.

పాలికాపు కొడుకుగా చిన్నప్పుడు పట్టిన పార, చెయ్యి మర్చిపోలేదు. నాలుగు వేట్లు పడేసరికి మట్టి మెత్తబడింది. ఐదో వేటుకి ఆఖరి పెళ్ల తనంతట తనే కూలింది.

నీళ్లు పరిగెత్తుకుని రాలేదు. ముందు చారెడు నురుగొచ్చింది, తర్వాత ఎండుటాకులు. కాలవ మొదటి మెలిక దగ్గర కాస్త తటపటాయించి, తిరిగి, పక్క కాలవల్లోకి ఒక్కొక్కదాన్లోకీ సర్దుకుంటూ లోపలికి పోయాయి. ఉప్పు పూసిన నేల నల్లబడింది. చిన్న ఎండ్రకాయ ఒకటి నీళ్లతోపాటు వచ్చి, ఇల్లు చూడ్డానికి వచ్చినట్టు అటూ ఇటూ తిరిగింది.

దాని వెనకే ఆకుపచ్చగా తేలుతూ వచ్చాయి. చిక్కుడు గింజలంత ఉన్నాయి. ముందు పది, తర్వాత గుంపులు గుంపులుగా.

కెజియా గట్టు దిగి, బురదలో కూర్చుని ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ గట్టుకి అవతల తిరిగినవే ఇవి. పడవలో కూర్చుని నెల్రోజులు తను చూసినవే.

"ఏంటవి?" అన్నారు మాస్టారు.

"మడ గింజలండి."

"ఎవరు చల్లారు?"

"ఎవరూ సల్లలేదండి. సెట్ల నుంచి రాలి, నీళ్లమ్మట వత్తాయి. నచ్చినచోట దిగుతాయి."

మాస్టారు క్లాసులో అర్థం కాని లెక్క ముందు నిలబడ్డట్టు నిజంగానే అడిగారు. "మరి మా అమ్మాయి ఇక్కడ ఏం చేసినట్టు?"

పోలయ్య ఆయన చేతిలో పార వైపు చూశాడు.

"తవరిప్పుడు సేసిందేనండి."

నీళ్లు మాస్టారి పిక్కల దాకా వచ్చాయి. గింజ ఒకటి ఆయన కాలికి అడ్డం పడి ఆగింది. ఆయన కాలు పక్కకి తీశారు. అది లోపలికి వెళ్లేదాకా చూశారు. తర్వాత పార నీళ్లలో జాడించి, పిడి తుడిచి, కూతురి చేతిలో పెట్టారు.

బూట్లు చేత్తో పట్టుకుని గట్టెక్కాక, ఆటో వైపు కేకేశారు.

"బాబూ, ఆ పెట్టె దింపెయ్యి."