కూతతో కదిలే సేన

కాలువగట్టు దిగువన ఒక కల్లం, ఆ కల్లంలో ఒక జొన్నరాశి. వానాకాలమంతా కోడిపిల్లల కడుపులు నిండవలసింది ఆ రాశితోనే. దాని అడుగున పందికొక్కులు బొరియలు తవ్వి కాపురం పెట్టడంతో యుద్ధం మొదలైంది.

సేనాని ఎర్రపుంజు రణకేసరి. కూయకుండా పోరుకు కదలడం అతని వంశంలో పిరికితనం. అందుచేత ప్రతి వేకువనా గడ్డివామి ఎక్కి, మెడ సాచి, ఊరు దద్దరిల్లేలా కూసేవాడు. అప్పుడు బాతులూ మేకలూ కుక్కా బారులు తీరి కల్లం మీదికి నడిచేవి. అక్కడ పందికొక్కు తోక కూడా కనిపించేది కాదు. శత్రువు పారిపోయాడని రణకేసరి ప్రకటించేవాడు. సేన జేజేలు కొడుతూ తిరిగివచ్చేది. రాశి మాత్రం నానాటికీ కుంగిపోయేది.

గాదె మీద పడుకొని తన వేట తప్ప లోకంలో మరేదీ పట్టని పిల్లి, ఒకనాడు ఒళ్లు విరుచుకుంటూ అడగనే అడిగింది.

"బావగారూ, రోజూ మనమే గెలుస్తున్నాం కదా, మరి గింజలెవరు తింటున్నారు?"

రణకేసరికి ఒళ్లు మండింది. పోరు సాగుతుండగా సేనానిని ప్రశ్నించడం ద్రోహమన్నాడు. మనలోనే గూఢచారి ఉన్నాడని, వాడు పట్టుబడేదాకా ఎవరూ నోరు మెదపరాదని శాసించి, పిల్లిని పెరడు దాటించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బాతుల నడక చప్పుడే కొంప ముంచుతోందని వాటినీ మందలించాడు. మరునాడు ఇంకొంచెం గట్టిగా కూశాడు.

ఆ రోజు సేన వెనుదిరిగాక, రాలిన తోక ఈకను వెతుక్కుంటూ అతడొక్కడే కల్లంలో మిగిలాడు. బొరియలోంచి ఒక ముసలి పందికొక్కు మీసాలు బయటపెట్టింది.

"దండాలు సేనాని గారూ, చిన్న మనవి. రేపటినుంచి తమరు కాస్త సాగదీసి కూయాలి. మా కోడలు నిండు చూలాలు. తమరి కూత వినగానే లోపలికి దూరాలంటే ఆయాసపడుతోంది."

రణకేసరి రెక్కలు వాలిపోయాయి. ఎటూ చూడకుండా పెరడు దాటి, పిల్లి ముందు నిలబడ్డాడు.

"గూఢచారి దొరికాడు. ఎర్రటి జుట్టు, బారెడు తోక, ఆవగింజంత బుద్ధి."

"వాణ్ణి నేనెరుగుదును," అంది పిల్లి. "శిక్ష ఏమిటో?"

"నువ్వే చెప్పు."

"రేపొక్క పూట నోరు మూసుకోమను."

మరునాటి వేకువకు ముందే అతడు తన పెట్టను బతిమాలి గంప కింద దూరాడు. పెట్ట గంప మీద కూర్చుంది. గొంతులో కూత ఎసరులా మరిగింది. ముక్కును తవుడులో కూరుకొని కూర్చున్నాడు. అక్కడ కల్లంలో, కూత వినబడలేదు కనుక ఇంకా వేళ కాలేదనుకొని పందికొక్కులు నింపాదిగా మేస్తున్నాయి. పిల్లి ముందురోజే చెప్పి ఉంచినట్టు, మేకలు చప్పుడు లేకుండా వెళ్లి బొరియల మీద పడుకున్నాయి. పిల్లీ కుక్కా మీదపడ్డాయి. చచ్చినవి చావగా, మిగిలినవి కాలువ ఈది పోయాయి.

కానీ రాశిలో పొట్టే ఎక్కువ, గింజ తక్కువ. పిల్లలు ఆ పొట్టును కెలుకుతుంటే రణకేసరి చూడలేకపోయాడు.

"ఇంత యుద్ధంలో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే," అన్నాడు, ముక్కుకంటిన తవుడు దులుపుకుంటూ. "గంప కింద కూర్చోవడం."

"ఆ ఘనకార్యమేదో మొదటినాడే చేసి ఉంటే," అంది పెట్ట, "పిల్లలకు ఈ వానాకాలం గడిచేది."

సేనానిని ప్రశ్నించే నోరు మూయిస్తే, శత్రువు నోటికే మేత.