గడియకు నాలుగు వందల దెబ్బలు

కుందవరం కొలువులో నగారాల అధికారి భైరవయ్య గొప్పగా విన్నవించాడు. "ప్రభూ, మా నగారా గడియకు నాలుగు వందల దెబ్బలు వినిపిస్తుంది. ఆ దెబ్బలతోనే వార్త అక్షరం అక్షరంగా కొండకోటకు చేరుతుంది. ఇక ఉత్తరాలు మోసే వార్తాహరులు దేనికి?"

రాజుకు ఆ అంకె నచ్చింది. వార్తాహరులందరినీ మాన్పించమని కొండకోటకు రెండు వందల అక్షరాల ఆజ్ఞ రాయించాడు.

కొలువులో ఉన్న వార్తాహరుడు చెంగయ్య ఇరవయ్యేళ్లుగా ఆ దారిన పరిగెత్తుతున్నాడు. అతను చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, ఒక్క అక్షరానికి ఎన్ని దెబ్బలు కొట్టాలి?"

"ఎనిమిది," అన్నాడు భైరవయ్య.

"అంటే గడియకు వెళ్లేది యాభై అక్షరాలేనండీ. ఈ ఆజ్ఞ చేరడానికి నాలుగు గడియలు పడుతుంది. నేను మూడింటిలో చేరుస్తాను. నగారా మొదలవగానే నన్నూ పంపి చూడండి ప్రభూ."

రాజు సరేనన్నాడు. చెంగయ్య తన పని ఊడగొట్టే ఉత్తరాన్నే మోసుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా పరిగెత్తాడు. అతను కోట చేరేసరికి అక్కడి దళపతి నగారా వింటూ ఇంకా నూట యాభయ్యో అక్షరం రాసుకుంటున్నాడు.

సంగతి తెలిసి రాజు ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. "అయితే నగారాలనే తీసేయిద్దామా?" అని చెంగయ్యను అడిగాడు.

"వద్దు ప్రభూ. 'వరద' అని చెప్పడానికి మూడక్షరాలు చాలు. అప్పుడు నేనెంత పరిగెత్తినా నగారాను అందుకోలేను."