బ్రేకు పైడయ్య కుక్క డ్యూటీ

దిబ్బలపాలెంలో తెలివంటే గుమ్మడోరి అన్నదమ్ములదే. ఈ మాట ఊరు అనలేదు లెండి, వాళ్ళే అనుకున్నారు. ఓ ఆటో కొనుక్కుని ముగ్గురూ తోలేవాళ్ళు. వంతులేసుకుని కాదండోయ్, ముగ్గురూ ఒక్కసారే! ముందు సీట్లో ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. పెద్దోడు సింహాద్రి హ్యాండిలు పట్టుకుంటాడు, నడిపోడు పైడయ్య బ్రేకు మీద కాలేసుకుంటాడు, చిన్నోడు గవరయ్య హారను కొడతాడు.

"ఊళ్ళో ఏ ఆటోకైనా ఒక్క బుర్రే. మన ఆటోకి మూడు" అని సింహాద్రి మీసం దువ్వేవాడు.

ఓ రోజు పొద్దున్నే బండి సంత దారిన పోతోంది. పారమ్మ కుక్క దొరబాబు రోడ్డెక్కింది. ఆటో కనబడితే మొరుగుతూ వెంటపడటం దానికి అలవాటు. సింహాద్రి "కుక్కరోయ్" అని అరిచాడు. గవరయ్య పాం పాం అని హారను కొట్టాడు. పైడయ్య మాత్రం కాలు కదపలేదు. ఇంకేముంది, దొరబాబు ముందుకాలు విరిగింది.

"బ్రేకెందుకు వెయ్యలేదురా?" అన్నాడు సింహాద్రి.

"మనిషి అడ్డొస్తే వెయ్యమన్నాడు నాన్న. కుక్క మాట ఎత్తలేదు కదన్నయ్యా!"

సింహాద్రి కాసేపు ఆలోచించి, "నిజమేరా, ఎత్తలేదు" అని ఒప్పుకున్నాడు.

పారమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. పాపం ఆవిడకి చెవుడు. ఇంట్లో ఆవిడా, ఆ కుక్కా తప్ప ఇంకెవరూ లేరు. తలుపు కొట్టినా, పొయ్యి మీద పాలు పొంగినా ఆ కుక్కే వచ్చి కొంగు పట్టి లాగేది.

"అది కుక్క కాదురా వెధవల్లారా, నా చెవులు! అది మళ్ళీ నడవకపోతే నేనెలా బతికేది?" అని రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు విని హెడ్డుగారు మొహాన గెడ్డం సబ్బుతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబులు. "జంతువుని గుద్దితే బండి ఆపాలి, వైద్యం చేయించాలి, యజమానికి చెప్పాలి. చట్టం అదేరా! ముందు కుక్కని ఆస్పత్రికి పట్టుకెళ్ళండి" అన్నాడు.

"ఎలాగండీ? బండి ఆపమన్నారుగా. ఆపేశాం. ఆపిన బండిని మళ్ళీ కదిపితే చట్టం ఊరుకుంటుందా?" అన్నాడు సింహాద్రి.

అంతే, బండి అక్కడే వదిలేసి కుక్కని చేతుల మీద మోసుకుంటూ నడిచిపోయారు. గవరయ్య ముందు నడుస్తూ నోటితో పాం పాం అంటున్నాడు. పశువుల డాక్టరు కట్టు కట్టి, "దీన్ని కాలు నేల మీద పెట్టనివ్వకండి" అన్నాడు. వీళ్ళు తిన్నగా పారమ్మ అరుగు దూలానికి చీర ఉయ్యాల కట్టి, కుక్కని అందులో పడుకోబెట్టి జోకొట్టారు.

సాయంత్రం హెడ్డుగారు విచారణకి దిగాడు. "బాధ్యత డ్రైవరుది. మీలో డ్రైవరెవడ్రా?"

"నేను హ్యాండిలండీ" అన్నాడు సింహాద్రి.

"నేను హారనండీ. కొట్టాను కూడా" అన్నాడు గవరయ్య.

"నేను బ్రేకండీ. నేనసలేమీ చెయ్యలేదు!" అన్నాడు పైడయ్య.

హెడ్డుగారికి తల తిరిగిపోయింది. "అసలెలా జరిగిందో చేసి చూపించండి. కుక్క ఎక్కడుంది, ఇక్కడా?" అంటూ వెళ్ళి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ముగ్గురూ బండెక్కారు. సింహాద్రి తోలాడు, గవరయ్య హారను కొట్టాడు. ఇంకేముంది, హెడ్డుగారు పోయి మురిక్కాలవలో పడ్డాడు.

"మనిషిని కదరా నేను! బ్రేకు వెయ్యవేం?"

"అయ్యయ్యో, మీరిప్పుడు కుక్క కదండీ" అన్నాడు పైడయ్య.

హెడ్డుగారు కాలవలోంచే తీర్పు చెప్పాడు. "తప్పు ముగ్గురిదీ! మందూ మాకూ మీరే చూడాలి. అది నడిచేదాకా ఆ కుక్క చేసే పనులన్నీ మీ నెత్తినే! ఒక్కటి తప్పినా స్టేషన్లో కూర్చోబెడతా!"

బ్రేకు వెయ్యనివాడు పైడయ్యే కాబట్టి కుక్క డ్యూటీ వాడికే పడింది. మర్నాడు పాలు పొంగాయి. వాడు నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి పారమ్మ కొంగు పళ్ళతో పట్టి లాగాడు. ఆవిడ చీపురు తిరగేసింది.

"చేత్తో లాగి చావొచ్చు కదరా!"

"దొరబాబు చేత్తో లాగేవాడా అత్తా?" అని సైగ చేసి మరీ అడిగాడు.

నిజం చెప్పాలంటే పని బాగానే చేశాడు. ఒక్క రోజు కూడా పాలు పొయ్యిలో పడలేదు. కానీ పారమ్మకి ఆ దిగులు తీరలేదు. ఉయ్యాల దగ్గర కూర్చుని, "లేరా నాయనా, ఒక్క అడుగెయ్యరా" అని కుక్కని బతిమాలుకునేది. కట్టు విప్పేశారు గానీ అది అడుగు వేస్తేనా! ఉయ్యాల సుఖం మరిగి కళ్ళు మూసుకుని పడుకునేది.

ఒకరోజు ఆ దారిన ఆటో వచ్చింది. హెడ్డుగారు అన్ని పనులూ అన్నాడాయె! పైడయ్య మొరుక్కుంటూ రోడ్డు మీదకి ఉరికాడు. తీరా చూస్తే అది వాళ్ళ ఆటోయే. సింహాద్రి హ్యాండిలు పట్టుకున్నాడు, గవరయ్య హారను కొడుతున్నాడు.

"బ్రేకు! బ్రేకు వెయ్యండ్రోయ్!" అని పైడయ్య అరిచాడు.

"బ్రేకు నువ్వే కదరా!" అన్నారు అన్నా తమ్ముడూ.

అంతే, ధడేల్! పైడయ్య కాలు విరిగింది. ఆ చప్పుడుకి ఉయ్యాల్లో దొరబాబు ఉలిక్కిపడి కిందకి దూకింది. నాలుగు కాళ్ళ మీదా లోపలికి పరిగెత్తి, పారమ్మ కొంగు పట్టి రోడ్డు మీదకి లాక్కొచ్చింది.

"నడిచింది! నా తండ్రి నడిచాడు!" అని పారమ్మ దాన్ని వాటేసుకుని భోరున ఏడ్చింది.

సింహాద్రి ఆవిడ ముందు చేతులు కట్టుకుని, చెవిలో గట్టిగా అరిచాడు. "యజమానికి చెప్పమంది చట్టం. అందుకని చెప్తున్నానత్తా. మళ్ళీ నీ కుక్కనే గుద్దేశాం!"

పైడయ్యని అదే పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళారు. ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని మనుషుల ఆస్పత్రికి పంపాడు. అక్కడ కట్టు కట్టించుకొచ్చి, కాలు నేలకి తగలకుండా వాణ్ణి దొరబాబు ఉయ్యాల్లోనే పడుకోబెట్టారు. అప్పుడు గవరయ్యకి అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, కాలు విరిగినవాడి పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. దొరబాబు పని వీడు చేశాడు. మరి వీడి పనెవరు చేస్తారు?"

మర్నాడు పొద్దున్నే ఆటో రోడ్డెక్కింది. హ్యాండిలు దగ్గర సింహాద్రి, హారను దగ్గర గవరయ్య, మధ్యలో బ్రేకు మీద కాలేసుకుని దొరబాబు. నా చెవులెక్కడుంటే నేనూ అక్కడే అని వెనక సీట్లో పారమ్మ.